విక్ట్రాన్ స్మార్ట్‌సోలార్ 100/30, 150/35: మీ బ్యాటరీకి ఏది? ప్యానెళ్లు సిరీస్‌లో ఎన్ని?

ఇంట్లో ఇప్పటికే ఇన్వర్టరూ ట్యూబులర్ బ్యాటరీలూ ఉండి, వాటికి డాబా మీది ప్యానెళ్లతో ఛార్జింగ్ కలుపుకోవాలనుకునేవాళ్లు చివరికి వచ్చి ఆగేది ఈ రెండు పెట్టెల దగ్గరే. విక్ట్రాన్ నెదర్లాండ్స్ కంపెనీ. దాని ఎంపీపీటీ కంట్రోలర్ల, అంటే ప్యానెళ్ల నుంచి గరిష్ఠ పవరు రాబట్టి బ్యాటరీకి తగ్గ వోల్టేజీకి మార్చే పెట్టెల, పేరులోనే అసలు సంగతి ఉంటుంది. గీతకు ముందున్న అంకె ప్యానెళ్ల వైపు నుంచి తట్టుకోగల గరిష్ఠ వోల్టేజీ. గీత తర్వాతది బ్యాటరీకి ఇవ్వగల గరిష్ఠ కరెంటు. షాపులో అందరూ అడిగేది రెండో అంకె గురించి: "30 ఆంప్సా, 35 ఆంప్సా?" పెట్టె నాలుగు కాలాలు నిలవడం, వేసవి మధ్యాహ్నం బ్యాటరీ నిండడం మాత్రం మొదటి అంకె మీద ఆధారపడి ఉంటాయి. 5 ఆంప్స్ తేడాకు అంత ధర ఎందుకని 150/35 వదిలేసి 100/30 తీసుకుంటారు. తేడా ఆ 5 ఆంప్స్‌లో లేదు, ముందున్న 50 వోల్టుల్లో ఉంది.

మార్కెట్లో ఇప్పుడు విరివిగా దొరికే 550 వాట్ల మోనో ప్యానెల్‌నే తీసుకుందాం. వెనక అంటించిన లేబుల్ మీద వీఓసీ, అంటే లోడు లేనప్పటి వోల్టేజీ, సుమారు 49.8 ఉంటుంది. పని చేసేటప్పటి వోల్టేజీ వీఎంపీ 41.8 దాకా, షార్ట్ సర్క్యూట్ కరెంటు ఐఎస్‌సీ 14 ఆంప్స్ దాకా ఉంటాయి. రెండు ప్యానెళ్లు సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్ మరోదాని మైనస్‌కు కలిపి, వేస్తే 99.6 వోల్టులు. 100 వోల్టుల కంట్రోలర్‌కు అతికినట్టు సరిపోయిందనిపిస్తుంది. ఎక్కువమంది పడే గుంట ఇదే. లేబుల్ మీది అంకె సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలున్నప్పటిది. సెల్ చల్లబడేకొద్దీ వోల్టేజీ పెరుగుతుంది. ఈ రకం ప్యానెళ్లలో డిగ్రీకి దాదాపు 0.27 శాతం పెరుగుదల. డిసెంబరు తెల్లవారుజామున సెల్ 10 డిగ్రీలకు దిగితే 15 డిగ్రీల తేడాకు 4 శాతం పెరిగి స్ట్రింగ్ (సిరీస్‌లో కలిపిన ప్యానెళ్ల వరుస) 103.6 వోల్టులకు చేరుతుంది. 5 డిగ్రీలకు దిగితే 105.

"అంత పొద్దున ఎండే ఉండదు కదా, వోల్టేజీ ఎక్కడి నుంచి వస్తుంది?" అనే సందేహం సహజం. ఎండ బలం కరెంటును ప్రభావితం చేసినంతగా వోల్టేజీని చేయదు. సూర్యుడు కాస్త పైకి రాగానే, ప్యానెల్ ఇంకా వేడెక్కకముందే, వోల్టేజీ పూర్తి విలువకు దగ్గరపడుతుంది. కంట్రోలర్ కరెంటు లాగి దాన్ని కిందికి దించుతుందన్న నమ్మకమూ పెట్టుకోకూడదు. బ్యాటరీ నిండినప్పుడు అది ప్యానెళ్ల నుంచి తీసుకునేది నామమాత్రం కాబట్టి వోల్టేజీ వీఓసీ దగ్గరే ఉంటుంది. కరెంటు పోని ఇళ్లలో రాత్రంతా గ్రిడ్ మీద నిండుగా ఉన్న బ్యాటరీ, చల్లటి ఉదయం, ఖాళీగా ఉన్న ప్యానెళ్లు, మూడూ ఒకేసారి కలుస్తాయి. వోల్టేజీ పరిమితి దాటితే యాప్‌లో ఎర్రర్ 33 కనబడుతుంది. కనబడి ఊరుకుంటే అదృష్టమే. ఇన్‌పుట్ భాగం కాలిపోయే ప్రమాదం నిజంగానే ఉంది.

అందుకే ఒక లెక్క కాగితం మీద వేసుకున్నాకే కొనాలి. మీ ఊళ్లో ఇప్పటిదాకా వచ్చిన అతి తక్కువ ఉష్ణోగ్రతను 25లోంచి తీసేయండి. వచ్చినదాన్ని డేటాషీటులో ఉన్న వీఓసీ ఉష్ణోగ్రత గుణకంతో గుణించండి. అంత శాతం వీఓసీకి కలిపి, సిరీస్‌లోని ప్యానెళ్ల సంఖ్యతో హెచ్చించండి. కోస్తా పట్టణాల్లో 10 డిగ్రీలు పెట్టుకుంటే సరిపోతుంది. హైదరాబాద్ శివార్లకు 5 పెట్టుకోండి. ఆదిలాబాద్ వైపు 3 పెట్టుకోవడం మంచిది. అరకు, లంబసింగి లాంటి చోట్ల సున్నా పెట్టుకోవాలి. అంత చేశాక కూడా కంట్రోలర్ పరిమితికి నాలుగైదు వోల్టులు కింద ఉంటేనే మనశ్శాంతి.

పాత 335 వాట్ల పాలీ ప్యానెళ్లకు ఇదే లెక్క వేస్తే ఫలితం వేరుగా వస్తుంది. వాటి వీఓసీ 46 దగ్గర, గుణకం 0.31 శాతం. రెండు సిరీస్‌లో 92 వోల్టులు, 10 డిగ్రీల్లో 96.3, సున్నాలో 99.1. విజయవాడ, రాజమండ్రి, నెల్లూరులో 100/30 మీద ఈ జోడీ హాయిగా నడుస్తుంది. ఏజెన్సీ కొండల్లో మాత్రం వద్దు. ఇప్పుడు వస్తున్న 580 వాట్ల టాప్‌కాన్ ప్యానెళ్ల వీఓసీ 51, 52 దాకా ఉంటోంది. అవి రెండు కలిస్తే చలితో పని లేకుండానే 100 దాటేస్తాయి. రేపు ఒక ప్యానెల్ పగిలి దాని బదులు కొత్తది కొనాల్సి వచ్చినప్పుడు కూడా ఇది గుర్తుండాలి.

సరే, సిరీస్ వద్దనుకుని 100/30 కింద రెండు 550 ప్యానెళ్లను పారలల్‌లో, అంటే ప్లస్‌లు ఒకచోట, మైనస్‌లు ఒకచోట కలిపి, వేస్తే? కరెంటు పరంగా ఇబ్బంది లేదు. రెండింటి ఐఎస్‌సీ కలిపి 28 ఆంప్స్, కంట్రోలర్ ఒప్పుకునేది 35. ఇబ్బంది వేసవిలో మొదలవుతుంది. గాలి 44 డిగ్రీలుంటే డాబా మీద సెల్ 70 దాకా పోతుంది. అప్పుడు 41.8 ఉండాల్సిన వీఎంపీ 35 దగ్గరకు జారుతుంది. డాబా నుంచి ఇన్వర్టర్ గదికి 20 మీటర్ల 4 స్క్వేర్ ఎంఎం సోలార్ కేబుల్ వేస్తే పోను రాను 40 మీటర్లు, నిరోధం 0.2 ఓమ్ దాకా. రెండు ప్యానెళ్లనూ పైనే వై కనెక్టర్‌తో కలిపి ఒకే జత కేబుల్ మీద దించితే 26 ఆంప్స్‌కు 5.3 వోల్టులు దారిలోనే పోతాయి. కంట్రోలర్ దగ్గరకు చేరేది 29.7. రెండు బ్యాటరీల 24 వోల్టుల సెట్టు నిండే దశలో 28.8 దగ్గర ఉంటుంది. విక్ట్రాన్ మొదలవ్వాలంటే ప్యానెల్ వోల్టేజీ బ్యాటరీ కంటే 5 వోల్టులు ఎక్కువుండాలి. మొదలయ్యాక కనీసం 1 వోల్టు ఎక్కువగా ఉంటూనే ఉండాలి. అంటే కావలసింది 29.8, వచ్చేది 29.7. బ్యాటరీ బాగా దిగిపోయి 25, 26 వోల్టుల్లో ఉన్నప్పుడు బాగానే లాగుతుంది. నిండే వేళకు ఊపిరాడని ఇరుకులో పడుతుంది. ఉదయం బాగా ఛార్జయిన సెట్టు మధ్యాహ్నం మందగించిందన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం కంట్రోలర్ లోపం కాదు, ఈ ఇరుకే.

అవే రెండు ప్యానెళ్లు 150/35 మీద సిరీస్‌లో వేయండి. 5 డిగ్రీల చలిలో 105 వోల్టులు, పరిమితికి చాలా దూరం. 70 డిగ్రీల ఎండలో 70 వోల్టులు, 24 వోల్టుల సెట్టుకే కాదు, 57.6 దాకా ఎక్కే 48 వోల్టుల సెట్టుకు కూడా సరిపోతుంది. కరెంటు సగమవడంతో కేబుల్‌లో పోయే పవరు నాలుగో వంతుకు పడిపోతుంది. పారలల్‌లో అదే 4 స్క్వేర్ ఎంఎం వైరు 140 వాట్ల దాకా తినేస్తే, సిరీస్‌లో తినేది 35. పారలల్‌కు లావు వైరు కొనే ఖర్చును కంట్రోలర్ ధర తేడాతో పోల్చి చూడండి. దూరం 15 మీటర్లు దాటితే 150/35 వైపే మొగ్గు.

మూడు సిరీస్‌లో వేయాలని ఆశపడకండి. 550 ప్యానెళ్లు మూడు కలిస్తే 25 డిగ్రీల్లోనే 149.4. ఇక్కడ కొందరు గమనించని సంగతి ఒకటుంది. 150 అన్నది అతి చలిలో కూడా దాటకూడని హద్దు. పని మొదలుపెట్టడానికి, నడవడానికి ఈ కంట్రోలర్ హద్దు 145. పాత 335 ప్యానెళ్లు మూడు వేస్తే 10 డిగ్రీల్లో 144.4 వస్తుంది కాబట్టి సముద్రతీరంలో అంచున చెల్లుతుంది. ఆదిలాబాద్‌లో 147 దాకా పోతుంది కాబట్టి చెల్లదు. అయినా 24 వోల్టుల బ్యాటరీకి మూడు సిరీస్ అవసరమే లేదు. ప్యానెల్ వోల్టేజీకీ బ్యాటరీ వోల్టేజీకీ మధ్య తేడా మరీ పెరిగితే కంట్రోలర్ ఎక్కువ వేడెక్కుతుంది, సామర్థ్యం కొంత తగ్గుతుంది. బ్యాటరీ వోల్టేజీకి రెండు మూడు రెట్లలో స్ట్రింగ్ ఉండటం మంచి కొలత.

ఇక ఒక్క బ్యాటరీ ఉన్న ఇళ్లు. ఒక 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్, 12 వోల్టుల ఇన్వర్టర్, దానికి ఒక్క పెద్ద ప్యానెల్. దీనికి 150/35 దండగ. 100/30 కూడా ఎక్కువే, దాని తమ్ముడు 100/20 చాలు. 150 ఏహెచ్ బ్యాటరీకి ఆరోగ్యకరమైన ఛార్జింగ్ కరెంటు 15 నుంచి 20 ఆంప్స్. 100/20 నుంచి 12 వోల్టుల దగ్గర వచ్చేది 290 వాట్లు. 335 వాట్ల ప్యానెల్ ఎండవేడిలో ఇచ్చేది కూడా దాదాపు అంతే కాబట్టి ఈ రెంటికీ జత కుదురుతుంది. అదే ప్యానెల్‌ను 24 వోల్టుల సెట్టుకు ఒంటరిగా వేయడం మాత్రం తప్పు. 37.8 ఉన్న దాని వీఎంపీ 70 డిగ్రీల్లో 31కి దిగిపోతుంది, వైరు నష్టం పోను మిగిలేదేమీ ఉండదు.

ఇంట్లో పాత 165 వాట్ల 12 వోల్టుల ప్యానెళ్లు పడి ఉంటే వాటినీ వాడుకోవచ్చు, ఒక్కోటి విడిగా కాదు. 36 సెల్లుల ఆ ప్యానెల్ వీఎంపీ 18.3, వేడిలో 15 లోపు. 14.4 వోల్టుల బ్యాటరీకి 15.4 కావాలి. పేరుకు "12 వోల్టుల ప్యానెల్" కదా, 12 వోల్టుల బ్యాటరీకి నేరుగా సరిపోతుందన్న ఊహ వోల్టేజీ మార్చకుండా ప్యానెల్‌ను నేరుగా బ్యాటరీకి కలిపే పాత పీడబ్ల్యూఎం కంట్రోలర్ల నాటిది. రెండో మూడో సిరీస్‌లో వేస్తేనే ఎంపీపీటీకి పెట్టిన డబ్బు పనికొస్తుంది.

నీళ్ల ట్యాంకు నీడ, కొబ్బరిచెట్టు నీడ ఉన్న డాబాలకు సిరీస్ వద్దని చాలామంది ఎలక్ట్రీషియన్లు చెబుతారు. సగం నిజం. ప్యానెల్ లోపల బైపాస్ డయోడ్లుంటాయి. ఒక ప్యానెల్ మీద నీడ పడితే కరెంటు దాన్ని తప్పించుకుని రెండోదాని ద్వారా పోతుంది, వోల్టేజీ సగానికి పడుతుంది. ఆ సగం వోల్టేజీతో మీ బ్యాటరీ నిండుతుందా అన్నదే ప్రశ్న. 12 వోల్టులకైతే నిండుతుంది. 24కు 550 ప్యానెళ్లయితే కష్టం మీద నిండుతుంది, 335 అయితే వేసవిలో ఆగిపోతుంది. 48కి నిండదు. నీడ తప్పనిసరైతే ముందు ప్యానెళ్లను జరపండి, ఆ తర్వాత వైరింగ్ సంగతి.

పెట్టె విషయానికొస్తే తయారీ బాగుంది. ఫ్యాను లేదు కాబట్టి శబ్దం లేదు, దుమ్ము పీల్చుకోదు. పూర్తి సామర్థ్యం 40 డిగ్రీల గది ఉష్ణోగ్రత దాకానే, ఆపైన తనంతట తాను కరెంటు తగ్గించుకుంటుంది. రేకుల షెడ్డులో, పడమటి గోడకు బిగిస్తే ఏప్రిల్ నుంచే ఇది అనుభవమవుతుంది. గోడకు నిలువుగా, వైర్ల మూతి కిందికి ఉండేలా, పైనా కిందా 10 సెంటీమీటర్లు ఖాళీ వదిలి బిగించాలి. బ్యాటరీల నెత్తిన మాత్రం పెట్టకండి. యాసిడ్ ఆవిరి టెర్మినళ్లను తినేస్తుంది.

స్క్రీను లేదు. అన్నీ ఫోన్‌లోని విక్ట్రాన్ కనెక్ట్ యాప్‌లో బ్లూటూత్ ద్వారా చూసుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లకు ఇది నిజమైన లోటే. బ్లూసోలార్ పేరుతో వచ్చే తక్కువ ధర మోడళ్లలో బ్లూటూత్ కూడా ఉండదు, విడిగా డాంగిల్ కొనాలి. ఆ తేడా కోసం బ్లూసోలార్ వైపు వెళ్లొద్దు. సెట్టింగులు మార్చలేని కంట్రోలర్ ట్యూబులర్ బ్యాటరీకి సగం పనికే వస్తుంది.

సెట్టింగుల్లో ముందు చూడాల్సింది గరిష్ఠ ఛార్జ్ కరెంటు. రెండు 150 ఏహెచ్ బ్యాటరీలు సిరీస్‌లో ఉంటే వోల్టేజీ 24 అవుతుంది కానీ ఏహెచ్ 150గానే ఉంటుంది. దానికి 35 ఆంప్స్ తోయడం ఎక్కువ, 15 నుంచి 20 మధ్య పెట్టుకోండి. ఈ హద్దు బ్యాటరీకి పోయేదానికే కాదు, ఇన్వర్టర్ అప్పుడే వాడుకునేదానికీ కలిపి వర్తిస్తుంది. పగలంతా ఫ్రిజ్జు, ఫ్యాన్లు సోలార్ మీదే నడిపేవాళ్లు కొంచెం పైకి పెట్టుకోవచ్చు. అబ్సార్ప్షన్ (నింపే దశ వోల్టేజీ) 14.4, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజీ) 13.8 అన్నవి ఫ్యాక్టరీ విలువలు (24కు 28.8, 27.6). మీ బ్యాటరీ కంపెనీ కార్డు మీద వేరే అంకె ఉంటే దాన్నే పెట్టండి. గది వేడెక్కితే వోల్టేజీని డిగ్రీకి 16 మిల్లీవోల్టుల చొప్పున అదే తగ్గించుకుంటుంది. 40 డిగ్రీల గదిలో 14.4 కాస్తా 14.16 అవుతుంది. భయపడి పెంచకండి, నీళ్లు త్వరగా ఇంకిపోకుండా కాపాడేది అదే. కంట్రోలర్ ఒక గదిలో, బ్యాటరీలు మరో గదిలో ఉంటే స్మార్ట్ బ్యాటరీ సెన్స్ అనే చిన్న బిళ్ల కొనుక్కోవడం మంచిది. బ్యాటరీ దగ్గరి ఉష్ణోగ్రతనూ అసలు వోల్టేజీనీ అది బ్లూటూత్‌తో పంపుతుంది.

బిగించే వరుస తప్పితే మిగతావన్నీ తప్పుతాయి. ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. తొలిసారి బ్యాటరీ తగిలించినప్పుడే అది 12, 24, 48లో ఏదో గుర్తుపట్టి రాసుకుంటుంది. తర్వాత మీరు 12 నుంచి 24కు మారితే యాప్‌లో చేత్తో మార్చాల్సిందే. 100/30 కు 48 ఉండదు, అదీ గుర్తుంచుకోండి. బ్యాటరీ ప్లస్ వైరు మీద, బ్యాటరీకి దగ్గరగా 40 ఆంప్స్ ఫ్యూజు ఉండాలి. వైరు 16 స్క్వేర్ ఎంఎం, రెండు మీటర్లు మించకుండా. 10 స్క్వేర్ వాడితే అదే దూరానికి 30 ఆంప్స్ దగ్గర 0.22 వోల్టు పోతుంది, 12 వోల్టుల సెట్టులో ఆ మాత్రం తేడాకు బ్యాటరీ నిండకముందే నిండిందని కంట్రోలర్ అనుకుంటుంది.

ప్యానెల్ వైపు డీసీ ఎంసీబీ తప్పనిసరి. ఇంట్లో మిగిలిన ఏసీ ఎంసీబీ వేయడం ప్రమాదం. సిరీస్‌లో 100 వోల్టుల డీసీ ఆర్క్ ఒకసారి మొదలైతే ఏసీలా తనంతట ఆరిపోదు. డీసీ ఎంసీబీల్లో కొన్నింటికి ప్లస్, మైనస్ గుర్తులుంటాయి, తిరగేసి బిగిస్తే అవి కూడా కాలతాయి. రెండు స్ట్రింగుల దాకా పారలల్‌కు విడి ఫ్యూజులు అక్కర్లేదు, మూడు నుంచి ఒక్కో స్ట్రింగ్‌కూ కావాలి. 48 వోల్టుల సెట్టు మీద రెండేసి 550 ప్యానెళ్ల స్ట్రింగులు రెండు పెడితే ఐఎస్‌సీ 28, 150/35 ఒప్పుకునేది 40. ఆ పెట్టె నుంచి రాబట్టగలిగిన పూర్తి పని అదే, 2000 వాట్లు.

డబ్బు పెట్టి అన్నీ సరిగా బిగించినా సోలార్ యూనిట్లు రావడం లేదని తల పట్టుకునేవాళ్లకు ఒక మాట. మామూలు ఇన్వర్టర్ కరెంటు ఉన్నంతసేపూ బ్యాటరీని గ్రిడ్‌తోనే నింపి పెడుతుంది. నిండిన బ్యాటరీకి కంట్రోలర్ ఇచ్చేది ఒకటి రెండు ఆంప్స్. కంట్రోలర్‌ను తిట్టి లాభం లేదు. పగలు ఇన్వర్టర్‌కు వచ్చే మెయిన్స్‌ను టైమరు, కాంటాక్టరుతో ఆపి, సాయంత్రం మళ్లీ ఇచ్చే ఏర్పాటు చేయాలి. లేదా సోలార్‌కు ముందు స్థానమిచ్చే ఇన్వర్టర్ ఉండాలి. ఆ ఏర్పాటు లేని ఇంటికి ఈ రెండింటిలో ఏదీ కొనమని చెప్పలేం.

ధర విషయంలో దాపరికం లేదు, ఎంపీపీటీ అని రాసి ఉన్న చవక పెట్టెలతో పోలిస్తే ఇవి చాలా ఖరీదు. ఆ చవక పెట్టెల్లో కొన్ని లోపల పీడబ్ల్యూఎంలే. పరీక్ష సులువు. బ్యాటరీ సగం ఖాళీగా ఉన్నప్పుడు మంచి ఎండలో క్లాంప్ మీటరుతో ప్యానెల్ వైరు కరెంటు, బ్యాటరీ వైరు కరెంటు కొలవండి. 335 ప్యానెల్ నుంచి 12 వోల్టుల బ్యాటరీకి అయితే ఇటు 8 ఉంటే అటు 18, 19 రావాలి. రెండు వైపులా ఒకే అంకె వస్తే అది పీడబ్ల్యూఎం, సగానికి పైగా పవరు పోయినట్టే. విక్ట్రాన్‌కు 5 ఏళ్ల వారంటీ ఉంది. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి.

ఒక బ్యాటరీ, ఒక ప్యానెల్ ఉన్నవాళ్లు 100/20 తీసుకోండి. పాత 335లు రెండు, 24 వోల్టులు, కోస్తా ఊరు అయితే 100/30 న్యాయమైన ఎంపిక. 550 ఆపైన ప్యానెళ్లు రెండున్నా, ఊరు చలిదైనా, కేబుల్ దూరమైనా, రేపు 48కి వెళ్లే ఆలోచన ఉన్నా 150/35. ఇప్పటికే 100/30 మీద రెండు 550లు సిరీస్‌లో నడుస్తుంటే చలికాలం వచ్చేదాకా ఆగకండి, ఈ రోజే పారలల్‌కు మార్పించండి. ఎంసీబీ ఆపి, ప్యానెళ్ల మీద దుప్పటి కప్పి మరీ కనెక్టర్లు విప్పాలి. ఆ తర్వాత యాప్‌లో హిస్టరీ తెరవండి. గత 30 రోజుల్లో ప్రతిరోజూ ప్యానెళ్ల వోల్టేజీ ఎంత దాకా ఎక్కిందో అందులో కనబడుతుంది. జనవరిలో ఒకసారి ఆ పట్టీ చూసి, అన్నిటికంటే పెద్ద అంకెను ఎంసీబీ పెట్టె మూతకు లోపల మార్కరుతో రాసి పెట్టండి. రేపు ప్యానెల్ మార్చడానికి వచ్చే మెకానిక్‌కు అదే కావాలి.